నచ్చడం మెట్ల దగ్గరే మొదలవుతుంది

బెంగళూరులో ఇల్లు మారుతున్నానని చెప్తే మా చుట్టాలు అద్దె ఎంతని తర్వాత అడుగుతారు. ముందడిగేది "అక్కడ మనవాళ్లున్నారా?" అని. ఈ సంగతి ఇళ్ల బ్రోకర్లకు ఎప్పుడో తెలిసిపోయింది. మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి గేటు చుట్టుపక్కల ఇల్లు చూపించే బ్రోకరు కావేరీ నీళ్లు, కవర్డ్ పార్కింగ్, పవర్ బ్యాకప్ అని ఏకరువు పెట్టి, చివర్లో అసలు మాట వదుల్తాడు: "సార్, ఈ బ్లాకులో అంతా మీ ఆంధ్రావాళ్లే." తెలంగాణవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. బెంగళూరు బ్రోకరుకు రాష్ట్ర విభజన ఇంకా జరగలేదు.

ఆ "మనవాళ్లు" ఒకచోట ఆగేది కూడా కాదు. మొదట తెలుగువాళ్లేనా అని, తర్వాత ఏ జిల్లా అని, కాఫీ సగమయ్యేసరికి ఇంటిపేరేంటని. మూడో ప్రశ్న దేనికో అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు.

దీన్ని సమర్థించుకోవడానికి అందరూ చెప్పేది ఒకటే. "ఏం చేస్తాం, మనలాంటివాళ్లతోనే మనకు సెట్ అవుతుంది." వినడానికి ఏ దోషమూ లేని మాట. ఎవరు నచ్చుతారన్నది మనసుకు సంబంధించిన విషయం, మనసును పట్టుకుని ఎందుకని ఎవరడుగుతారు? నేను అడుగుదామనుకుంటున్నాను. మనుషుల మధ్య ఇష్టం ఎలా పుడుతుందన్నది మనస్తత్వశాస్త్రం డెబ్బై ఏళ్లకు పైగా పరిశీలిస్తోంది. అదంతా చదివాక నాకు అర్థమైంది ఇది: ముందు ఇష్టపడి తర్వాత దగ్గరవడం అరుదు. మన ప్రమేయం లేని కారణాలతో ఒకరి పక్కన ఒకరం పడతాం, రోజూ ఎదురుపడతాం, ఇష్టం ఆ వెనకాల వస్తుంది. వచ్చాక దానికి "మా ఇద్దరి టేస్టులు ఒకటే", "మనసులు కలిశాయి" అని కారణాలు చెప్పుకుంటాం. ఇది నిజమైతే, మన పక్కన ఎవరుండాలో తేల్చేవాళ్లు మనకెవరు నచ్చాలో కూడా సగం తేల్చేసినట్టే.

రుజువుల్లో బాగా పాతది అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల ఇళ్లలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం నుంచి తిరిగొచ్చి చదువుకుంటున్న పెళ్లైనవాళ్ల కోసం వెస్ట్‌గేట్ అనే ఇళ్ల సముదాయం కట్టారు. అందులో ఒక భాగమంతా రెండంతస్తుల భవనాలు, అంతస్తుకు ఐదేసి ఇళ్లు. ఏ ఇల్లు ఖాళీ అయితే అది తర్వాతి పేరుకు వచ్చేది. ఎవరి పక్కన ఉంటామో ఎంచుకునే వీలు దాదాపు లేదు. లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే ముగ్గురు అక్కడివాళ్లను "మీరు ఎక్కువగా కలిసేది ఎవరిని?" అని అడిగి, 1950లో ఫలితాలు పుస్తకంగా వేశారు. ఒకే అంతస్తులో పక్క తలుపువాళ్లయితే ఒకరినొకరు ఎంచుకునే అవకాశం 41 శాతం. మధ్యలో ఒక ఇల్లు అడ్డొస్తే 22. వరండా ఆ చివరికి పోయేసరికి 10. ఆ వరండా మొత్తం కలిపి వంద అడుగులు కూడా లేదు! అందరూ ఇంచుమించు ఒకే వయసువాళ్లు, ఒకే కాలేజీవాళ్లు, ఒకేలాంటి ఇబ్బందులు పడి వచ్చినవాళ్లు. అయినా నాలుగు తలుపుల తేడా స్నేహాన్ని నాలుగో వంతుకు తగ్గించేసింది.

నాకు అంతకంటే బాగా నచ్చింది మెట్ల సంగతి. కింది అంతస్తులో మెట్ల మొదట్లో ఇల్లున్నవాళ్లకు పైఅంతస్తులో కూడా స్నేహితులున్నారు. మధ్య ఇళ్లవాళ్లకు అంతమంది లేరు. మెట్ల పక్కవాళ్లు మిగతావాళ్లకంటే కలుపుగోలు మనుషులేం కాదు. పైకెళ్లేవాళ్లు, కిందికొచ్చేవాళ్లు రోజూ వాళ్ల తలుపు ముందు నుంచే పోవాలి, అంతే. దూరాన్ని అడుగుల్లో కొలిస్తే చాలదని, దారులు ఎక్కడ కలుస్తాయో చూడాలని ఆ ముగ్గురూ తేల్చారు.

మా అపార్టుమెంట్లో మెట్లెక్కేది ఫైర్ డ్రిల్ రోజున, లిఫ్ట్ పాడైన రోజున మాత్రమే. కాబట్టి ఇక్కడ ఆ పని లిఫ్ట్ చేస్తుంది. ఒక్కో బ్లాకులో రెండేసి లిఫ్టులు, రెండు వేర్వేరు లాబీలు. మా ఇంటి గోడకు ఆనుకుని ఉన్న ఇంటివాళ్లు అవతలి లాబీలోకి దిగుతారు. వాళ్ల మిక్సీ చప్పుడు నాకు తెలుసు, ముఖాలు సరిగా తెలియవు. మూడంతస్తుల పైనుంచి మా లిఫ్ట్‌లోనే దిగే కుటుంబంతో మాత్రం పండగ పిండివంటలు ఇచ్చిపుచ్చుకునేంత దగ్గరయ్యాం. స్కూలు బస్సు ఆగే గేటు దగ్గర పొద్దున్నే నిలబడే తల్లిదండ్రుల గుంపు ఇంకొకటి. ఆ గుంపులోంచి పుట్టిన స్నేహాలు పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక కూడా నడుస్తున్నాయి. వాళ్లనడిగి చూడండి, "మా వేవ్‌లెంగ్త్ కలిసింది" అంటారు. బస్సు రూటు కలిసిందని ఎవరూ అనరు.

ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఒకసారి ల్యాబ్ బ్యాచ్ గుర్తు తెచ్చుకోండి. రోల్ నంబర్లు పేర్ల అక్షరక్రమంలో వేస్తారు, పక్కపక్క నంబర్లు ఒక బ్యాచ్. మనకు ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి నాలుగేళ్లూ ఎవరితో కలిసి రికార్డులు రాశామన్నది మన ఇంటిపేరులోని మొదటి అక్షరం నిర్ణయించింది. మేడీ సెగల్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్ర పోలీసు శిక్షణాలయంలో ఇదే చూసి 1974లో ప్రచురించింది. అక్కడ గదులూ కుర్చీలూ ఇంటిపేర్ల వరసలో ఇచ్చారు. నీ దగ్గరి స్నేహితులెవరని అడిగితే చాలామంది అక్షరమాలలో తమకు దగ్గర్లో ఉన్నవాళ్ల పేర్లే చెప్పారు. వయసు, మతం లాంటివాటికంటే అక్షరమే బాగా పనిచేసింది. జర్మనీలో 2008లో వచ్చిన ఇంకో అధ్యయనంలో కొత్తగా చేరిన విద్యార్థులను మొదటి రోజు చీటీలు వేసి కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ ఒక్క రోజు పక్కన కూర్చున్నవాళ్ల మధ్య స్నేహం మిగతావాళ్ల మధ్యకంటే ఎక్కువ.

మరి "అతి పరిచయాదవజ్ఞ" అని పెద్దలు ఊరికే అన్నారా? ఎక్కువగా కనపడితే లోకువైపోతాం అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. అల్లుడు అత్తారింట్లో ఎన్ని రోజులు ఉండాలన్న లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. దీనికి ఎదురుచెప్పిన మనిషి రాబర్ట్ జాయన్స్. అర్థం తెలియని మాటలు, చైనా లిపి అక్షరాలు, ముక్కూముఖం తెలియనివాళ్ల ఫొటోలు జనానికి మళ్లీ మళ్లీ చూపించి, ఎన్నిసార్లు కనపడితే అంత నచ్చుతాయని 1968లో చెప్పాడు. ఊరికే కళ్లముందు పడటం చాలు, మాట్లాడక్కర్లేదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో మోర్‌ల్యాండ్, బీచ్ అనే ఇద్దరు దాన్ని తరగతి గదిలో పరీక్షించారు, 1992లో. చూడటానికి దాదాపు ఒకేలా ఉండే నలుగురు అమ్మాయిలను ఒక క్లాసుకు పంపారు. ఒకామె అసలు రాలేదు, ఒకామె 5 సార్లు, ఒకామె 10, ఒకామె 15 సార్లు వచ్చి కూర్చుని వెళ్లారు, ఎవరితోనూ మాట్లాడలేదు. సెమిస్టర్ చివర్లో ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయే విద్యార్థులకు ఎక్కువ నచ్చింది. ఆమెను అంతకుముందు చూశామన్న గుర్తు మాత్రం వాళ్లకు పెద్దగా లేదు.

పెద్దల మాటలోనూ నిజముంది, అదెక్కడ పనిచేస్తుందో చూడాలి. నార్టన్, ఫ్రాస్ట్, ఏరియలీ 2007లో తేల్చింది: ఒక మనిషి గుణాల జాబితా ఎంత పొడుగైతే ఆ మనిషి అంత తక్కువ నచ్చుతాడు. జాబితాలో మనకు పడనిది ఒకటి తగిలిందంటే, ఆ తర్వాత వచ్చేవన్నీ దాని నీడలోనే కనపడతాయి. హ్యారీ రైస్, ఆయన తోటివాళ్లు 2011లో దీనికి వ్యతిరేకంగా చూపించారు: ముక్కూముఖం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడుకోనిస్తే, మాట్లాడేకొద్దీ ఇష్టం పెరుగుతుంది. నాకైతే ఈ రెండింటి మధ్య తగాదా ఏమీ కనపడదు. కాగితం మీద మనిషిని తెలుసుకోవడం వేరు, ఎదురుగా కూర్చుని తెలుసుకోవడం వేరు. కాగితం మీద తప్పులు వెతుకుతాం. ఎదురుగా ఉంటే సర్దుకుపోతాం, నవ్వుతాం, మన మాటకు వాళ్లు నవ్వితే ఇంకాస్త మాట్లాడతాం.

ఇక్కడ పెళ్లిసంబంధాల గురించి కాస్త చెప్పాలి. మ్యాట్రిమొనీ సైటు అచ్చంగా ఆ కాగితం పద్ధతే. ఎత్తు, ప్యాకేజీ, ఉపకులం, హెచ్‌1బీ ఉందా, ఆస్తిపాస్తులు. పైన ఫొటో. ఫొటోకు ఉన్న బలం తక్కువది కాదు, అందచందాలు ముఖ్యం కాదని నేను బుకాయించను. 1966లో ఇలైన్ వాల్‌స్టర్ బృందం మిన్నెసోటా యూనివర్సిటీలో 752 మంది కొత్త విద్యార్థులకు, కంప్యూటరే మీకు తగ్గ జోడీని వెతికిందని చెప్పి, నిజానికి గుడ్డిగా జతలు కలిపి డ్యాన్సుకు పంపింది. ఆ సాయంత్రం ఎవరెవరికి నచ్చారన్నది తేల్చింది రూపం ఒక్కటే, తెలివితేటలూ స్వభావమూ పనికిరాలేదు. కానీ అది ఒక్క సాయంత్రం సంగతి. 2017లో సమంతా జోయెల్, పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్ ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. స్పీడ్ డేటింగ్‌కు (కొత్తవాళ్లతో ఒకరి తర్వాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడే కార్యక్రమం) వచ్చినవాళ్ల చేత ముందే వందకు పైగా విషయాల మీద ప్రశ్నావళులు నింపించి, అదంతా మెషీన్ లెర్నింగ్‌కు ఇచ్చారు. ఎవరు అందరికీ నచ్చుతారన్నది అది కొంతవరకు పట్టుకుంది. ఫలానా మనిషికి ఫలానా మనిషే ప్రత్యేకంగా నచ్చడాన్ని మాత్రం అస్సలు చెప్పలేకపోయింది. గంతకు తగ్గ బొంతను ముందుగా లెక్కకట్టే ఫార్ములా ఆ వందకు పైగా ప్రశ్నల్లో లేదు.

దీని పక్కనే మన ఫ్యామిలీ గ్రూపుల్లో చక్కర్లు కొట్టే ఇంకో మాట ఉంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ప్రేమ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందని, ప్రేమ పెళ్లిళ్లలో తరుగుతుందని "సైన్స్ నిరూపించింది" అంటారు. ఆ అధ్యయనం ఉన్నది నిజమే. ఉషా గుప్తా, పుష్పా సింగ్ 1982లో జైపూర్‌లో చేశారు, కేవలం 50 జంటలతో. ఒకే జంటను ఏళ్ల తరబడి వెంబడించి చూసింది కాదు, పెళ్లై వేర్వేరు కాలాలైన జంటలను పోల్చింది. 2012లో అమెరికాలోని భారతీయుల మధ్య రీగన్, ఇంకో ఇద్దరు కలిసి చేసిన పోలికలో రెండు రకాల పెళ్లిళ్లకూ ప్రేమలో, తృప్తిలో తేడా కనపడలేదు. అదీ చిన్నదే. ఈ రెండూ చూశాక నేననేది, పెళ్లి ఎలా కుదిరిందన్నదానికంటే కుదిరాక ఒకే కప్పు కింద ఎలా గడిపారన్నదే ఎక్కువ పనిచేస్తుందని. కలిసి ఏడడుగులు నడిస్తే సఖ్యం అన్న పాత మాట నాకు ఈ ఫార్వర్డులన్నిటికంటే శాస్త్రీయంగా అనిపిస్తుంది. అందులో నడకుంది, ప్యాకేజీ లేదు.

ఊగే వంతెన కథ గురించి ఎవరైనా అడుగుతారేమో. వ్యాంకూవర్ దగ్గర కాపిలానో లోయ మీద వేలాడే వంతెనపై ఒక అమ్మాయి మగవాళ్లను పలకరించి ఫోన్ నంబరిచ్చింది, భయంతో కొట్టుకునే గుండెను వాళ్లు ఆకర్షణ అనుకున్నారు అంటారు. డటన్, ఏరన్ 1974 నాటి ప్రయోగం. వంతెన మీద నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు, గట్టి వంతెన మీద 16 మందిలో ఇద్దరు. కథ భలే ఉంటుంది, అందుకే ప్రతి మోటివేషనల్ స్పీకరూ వదలకుండా చెప్తాడు. పట్టుమని నలభై మంది కూడా లేని లెక్క మీద నా వాదన నిలబెట్టలేను. పైగా భయం వల్లే ప్రేమ పుట్టేటట్టయితే, ట్రాఫిక్‌కు పేరుపడ్డ మా సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో రోడ్డు దాటే ప్రతి ఇద్దరికీ పెళ్లైపోయి ఉండాలి.

పోలికల సంగతి దాటేయడానికి లేదు. "మనలాంటివాళ్లు" అన్న వాదనకు అదే వెన్నెముక. డాన్ బర్న్ 1961 నుంచి వరసగా చేసిన ప్రయోగాల్లో, ఎదుటివాడి అభిప్రాయాలు మనవాటితో ఎంత కలిస్తే అంత నచ్చుతాడని తేలింది. అయితే ఆ ఎదుటివాడు నిజంగా లేడు, పరిశోధకులే నింపిపెట్టిన కాగితం! మొంటోయా, హార్టన్, కర్చ్‌నర్ 2008లో వందల అధ్యయనాలను కలిపి చూశారు. ప్రయోగశాల దాటి, పరిచయం ముదిరిన అసలు సంబంధాల్లోకి వచ్చేసరికి నిజంగా ఉన్న పోలిక ప్రభావం దాదాపు మాయమైంది. పోలిక ఉందన్న అభిప్రాయం మాత్రం బలంగా నిలిచింది. అంటే మనకు నచ్చినవాళ్లు మనలాంటివాళ్లేనని మనం నమ్ముతాం. మా లిఫ్ట్ కుటుంబానిది మధురై. వాళ్లకూ మాకూ తిండిలో, పూజలో, చివరికి టీవీ సౌండు విషయంలో కూడా ఏమీ కలవదు. మా ఆవిడ మాత్రం "వాళ్లూ అచ్చం మనలాగే" అంటుంది. అనడం మొదలుపెట్టింది కలిసి తిరగడం మొదలయ్యాకే.

ఈ నగరంలో ఇదంతా ఒకప్పుడు పెద్ద ఎత్తున జరిగింది. మా పిన్నీవాళ్లు ఎనభైల్లో దూరవాణినగర్‌లో ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. 1948లో మొదలైన ఆ టెలిఫోన్ ఫ్యాక్టరీ, హెచ్‌ఏఎల్, జాలహళ్లి వైపు బీఈఎల్, హెచ్‌ఎంటీ, ఈ ప్రభుత్వ ఫ్యాక్టరీలన్నిటికీ సొంత కాలనీలుండేవి. క్వార్టర్ ఎవరికి ఏది రావాలన్నది సర్వీసు, గ్రేడు చూసి ఎలాట్‌మెంట్ లిస్టు చెప్పేది. "మనవాళ్లున్న బ్లాకు కావాలి" అంటే వినే బ్రోకరు లేడు. పిన్నికి ఒక పక్క పాలక్కాడు ఆవిడ, ఇంకో పక్క ధార్వాడ వాళ్లు, ఎదురుగా తమిళులు. రిజర్వేషన్లున్న ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ వరసలో కులాలు కూడా కలిసే ఉండేవి. పిన్ని చదివింది పదో తరగతి, నాలుగు భాషల్లో పోట్లాడగలదు. ఇప్పటికీ ఒంట్లో బాగోకపోతే కూతురికంటే ముందు పాలక్కాడు ఆవిడకు ఫోన్ చేస్తుంది. పిన్ని విశాల హృదయం ఉన్న మనిషని అనుకోకండి. ఊళ్లో ఉండి ఉంటే మా అమ్మమ్మలాగే ఎవరిని ఏ గుమ్మం దాకా రానివ్వాలో లెక్కలు వేసేది. లిస్టు ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ కాలనీలూ స్వర్గాలేం కావు. ఆఫీసర్ల బంగళాలు వేరే రోడ్లో ఉండేవి, ఆ రోడ్డుకూ ఈ రోడ్డుకూ పేరంటాలు నడిచేవి కావు.

తర్వాత ఐటీ వచ్చింది, ఇల్లు సంపాదించుకోవడం ఎవరికి వాళ్ల పనైపోయింది. ఎవరికి వాళ్లు చూసుకోవడమంటే తెలిసినవాళ్ల ద్వారా చూసుకోవడమే. మొదట తెలుగు పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్), తర్వాత రూమ్మేట్ కావాలని కాలేజీ గ్రూపులో మెసేజ్, పెళ్లయ్యాక చుట్టాలున్న అపార్టుమెంట్లో ఫ్లాట్, అసోసియేషన్ గ్రూపు పక్కనే ఇంకో తెలుగు గ్రూపు, దాని లోపల పేరు పెట్టని మరో చిన్న గ్రూపు. అవతలి వైపు నుంచి "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు ఉండనే ఉంది. సుఖదేవ్ థోరాట్, మరికొందరు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పేరు వినగానే దళితులకు, అంతకంటే ఎక్కువగా ముస్లింలకు ఇల్లు లేదన్నారు. బెంగళూరు దీనికి మినహాయింపు అని ఇక్కడ ఇల్లు వెతికినవాళ్లెవరూ అనరు. పక్కన ఎవరుండకూడదో ముందే ఏరేసి, ఆ తర్వాత "ఏంటో, మావాళ్లతోనే నాకు బాగా కుదురుతుంది" అనడంలో నాకు అమాయకత్వం కనపడదు. దేశంలో కులాంతర వివాహాలు 2011–12 నాటి మానవ అభివృద్ధి సర్వేలో దాదాపు 5 శాతం. మిగతా 95 శాతం మందికి మనసు కులం చూసి స్పందించిందని ఎవరు నమ్ముతారు? చాలామందికి వేరే కులం మనిషితో ఒక మెట్లదారి అయినా ఉమ్మడిగా ఉండి ఉండదు.

ఇప్పుడు నా మీదికే రాగల గట్టి ప్రశ్న ఒకటుంది. రోజూ ఎదురుపడితే చాలని నువ్వంటున్నావు, మరి మీ ఇంట్లో పనిచేసే ఆమె రోజూ వస్తుంది కదా, ఆమెతో స్నేహమెందుకు లేదు? మా బ్లాకులో చాలా ఇళ్లలో పనిచేసేవాళ్లు రాయచూరు వైపు నుంచి, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మాట్లాడతారు. అయినా "ఇక్కడంతా మనవాళ్లే" అని లెక్కపెట్టినప్పుడు వాళ్లను కలిపినవాణ్ని నేను చూడలేదు. గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి జవాబిచ్చాడు. వేర్వేరు గుంపులవాళ్లు ఊరికే ఎదురుపడితే దురభిప్రాయాలు పోవు. ఆ ఎదురుపడటంలో ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, కలిసి సాధించాల్సిన పనొకటి ఉండాలి, పైవాళ్ల మద్దతుండాలి. మా దగ్గర పనివాళ్లకు సర్వీస్ లిఫ్ట్ వేరే. ఎదురుపడే దారిని కూడా ఇటుకలు పేర్చి కట్టి మరీ విడగొట్టుకున్నాం. ఒకరు కుర్చీలో, ఒకరు నేల మీద కూర్చునే చోట దగ్గరతనం స్నేహం పుట్టించదు, హోదాను రోజూ గుర్తుచేస్తుంది.

దగ్గరతనం శత్రువులను కూడా తయారుచేస్తుంది. 1976లో ఎబ్‌సన్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలోని ఒక గృహసముదాయంలో, నచ్చనివాళ్లెవరని కూడా అడిగారు. వాళ్లు స్నేహితులకంటే దగ్గర్లో ఉన్నారు! కారణాలు కూడా మనం ఊహించగలిగినవే, పక్కవాడు చేసే పనులు మన ఇంటి ప్రశాంతతను చెడగొట్టడం. మన లెక్కలో పార్కింగ్ గీత, బాత్రూం లీకేజీ, లాబీలో చెప్పుల స్టాండు, రాత్రి పదకొండింటికి మొదలయ్యే డ్రిల్లింగ్. అందుకే పక్కపక్కన పడేస్తే చాలు, అందరూ ప్రేమగా ఉంటారని నేననను. ఏ పని మీద కలుస్తారన్నది తేడా తెస్తుంది.

ఆ తేడాను మన దేశంలోనే చక్కగా కొలిచారు. ఢిల్లీలోని ఖరీదైన ప్రైవేటు బడులు కొన్ని సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలన్న నియమం 2007లో వచ్చింది. కొన్ని బడుల్లో చదువు గ్రూపులను పిల్లల పేర్ల అక్షరక్రమంలో కలుపుతారు కాబట్టి, ఏ సంపన్నుల పిల్లవాడి పక్కన పేదపిల్లవాడు పడ్డాడో అదృష్టం మీద ఆధారపడింది. గౌతం రావు అనే ఆర్థికవేత్త దీన్ని వాడుకుని 2019లో ప్రచురించిన ఫలితం: పేద సహాధ్యాయులున్న సంపన్న పిల్లల్లో దాతృత్వం పెరిగింది, పేదపిల్లల పట్ల వివక్ష తగ్గింది, వాళ్లతో ఆడుకోవడానికి ఒప్పుకోవడం పెరిగింది. ఇంగ్లిష్ మార్కులు కాస్త తగ్గాయి, అది కూడా ఆయన దాచలేదు. మాట్ లో అనే ఇంకొకాయన ఉత్తరప్రదేశ్‌లో నెలరోజుల క్రికెట్ లీగులు పెట్టించాడు. కొందరు కుర్రాళ్లను ఒకే కులం టీముల్లో, కొందరిని కలగాపులగం టీముల్లో చీటీలు తీసి వేశాడు. 2021లో వచ్చిన ఆ పేపరు ప్రకారం, వేరే కులంవాళ్లతో ఒకే టీములో ఆడినవాళ్లకు ఆ తర్వాత వేరే కులాల్లో స్నేహితులు పెరిగారు. వేరే కులంవాళ్లను ప్రత్యర్థులుగా ఎదుర్కోవడం మాత్రం చాలావరకు ఎదురుతిరిగింది. అదే మైదానం, అదే బంతి, అదే ఎండ.

కొత్తవాళ్లతో కలవడానికి టైమ్ ఎక్కడుంది అనేవాళ్లకు ఇంకో లెక్క. జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అంచనా ప్రకారం మామూలు స్నేహానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి, స్నేహితుడు అనిపించుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైనే. ఆఫీసులో పని చేసుకుంటూ గడిపిన గంటలు అంతగా లెక్కలోకి రావు. పీజీలో ఆ 200 గంటలు నెలాపదిహేను రోజుల్లో వచ్చేస్తాయి. అందుకే పీజీ స్నేహాలు అంత గట్టివి, గోంగూర పచ్చడి మహిమ అందులో కొద్దిగానే ఉంది. అదే పెళ్లై, పిల్లలై, ఔటర్ రింగ్ రోడ్డు మీద సగం ఆయుష్షు పోగొట్టుకుంటున్నవాళ్లు వారానికి రెండు గంటల చొప్పున కలిస్తే 200 గంటలకు రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లు ఎవరితో ఖర్చుపెట్టాలన్నప్పుడు తెలిసిన భాష, తెలిసిన జిల్లా వైపే చేయి పోతుంది. అది నాకు అర్థమవుతుంది, రోజంతా ఇంగ్లిష్‌లో మీటింగులు అయ్యాక నాకూ తెలుగే కావాలి. దానికి తోడు ఎదుటివాళ్లకు మనం పెద్దగా నచ్చలేదన్న అనుమానం ఒకటి. ఎరికా బూత్‌బీ బృందం 2018లో చూపించినదాని ప్రకారం, మొదటిసారి మాట్లాడుకున్నాక తాము ఎదుటివాళ్లకు నచ్చినదానికంటే తక్కువ నచ్చామనే ఇద్దరూ అనుకుంటారు. లిఫ్ట్‌లో "ఊట ఆయ్తా?" (భోజనమైందా?) అని పలకరించిన కన్నడ పెద్దాయనకు మనం తల ఊపి ఫోన్‌లోకి చూసుకుంటాం, మన కన్నడం విని ఆయన నవ్వుకుంటాడని. పలకరించింది ఆయన కదా!

మా అపార్టుమెంట్ క్రికెట్ టోర్నమెంటు వచ్చే నెలలో ఉంది. ఎప్పుడూ టీములు వాట్సాప్ గ్రూపుల నుంచే పుడతాయి, అంటే తెలుగు టీము, తమిళ టీము, కన్నడిగుల టీము, ఉత్తరాదివాళ్లవి రెండు. ఫైనల్ అయ్యాక వారం దాకా కామన్ గ్రూపులో ఎత్తిపొడుపులు నడుస్తాయి. పైన చెప్పిన ఉత్తరప్రదేశ్ లీగుల్లో చేయకూడదని తేలిన పద్ధతినే మేం డబ్బులు వేసుకుని మరీ చేస్తున్నాం. ఈసారి టీములన్నీ చీటీలు తీసి వేద్దామని నేను అసోసియేషన్‌కు రాశాను, సర్వీస్ లిఫ్ట్ వాడే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ కుర్రాళ్ల పేర్లు కూడా అదే డబ్బాలో వేయాలని. తెలుగు కెప్టెనే ముందు అడ్డం తిరిగాడు, "అన్నా, మన కీపర్ అటెళ్లిపోతే ఎట్లా?" అని. రెండో విషయం మీద ఇన్సూరెన్సు, డ్యూటీ టైమింగులు అని పెద్ద చర్చే జరుగుతోంది, డ్యూటీ రోస్టర్ మార్చడం అరగంట పని అని ఫెసిలిటీ మేనేజరే చెప్పినా. ట్రెజరర్ రాజీ మార్గంగా, చీటీలు సరే గానీ ఓపెనింగ్ జంటలను మాత్రం విడదీయొద్దు అన్నాడు. ముందు విడదీయాల్సింది వాళ్లనేనని నేను జవాబు పంపాను.